చెప్పరాని మందు

మన సంఘ కార్యదర్శి గారు ఈ సంచికకు ఏదైన వ్రాసి ఈయవలసినదని కోరినప్పుడు నేను మొదట వెనుదీసితిని. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో జన్మించిన ఈ తిరుత్తణిలో కూర్చుండి, యస్.యస్.ఎల్.సి.తో చదువు చాలించి ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగిరి చేసిన నాబోటివాడు ధర్మాధర్మ విచారమునకు పూనుకొనుట హాస్యాస్పదము కాదా యని అడిగితిని. "మీకు తెలిసినదే వ్రాయండి, తెలియనిది మా పండితులు వ్రాస్తారు" అని వారు నవ్విరి.

నాకు తెలిసినవి రెండు: దస్త్రములు, ఒక కామెర్ల మందు. మొదటిది జీతమునకు నేర్చినది. రెండవది అడుగకయే నాకు దక్కినది. దక్కిన నాటినుండి నా మనస్సును నలిపివేయుచున్నదియు అదియే. కనుక నేను తీసుకొనిన ప్రశ్న ఇది. ఒక మొక్కలోని గుణమును ఎరిగినవాడు ఆ ఎరుకను దాచుకొనవచ్చునా? దాచరాదు, లోకమునకు చెప్పవలసినదే యన్నచో, చెప్పినవానికి లోకము ఏమి బాకీపడినది?

1970లో నాకు పదియేండ్లు. కండ్లు పచ్చబడి, అన్నము సహింపక, నీరసపడియున్న నన్ను మా అమ్మ చేయిపట్టి నడిపించుకొని చెరువుకట్ట క్రిందనున్న ఇరులవారి గుడిసెలకు తీసుకొనిపోయినది. అచ్చట ఒక అవ్వ యుండెను. ఇరులవారు తమలో తాము తమ మాటనే ఆడుకొనినను మా పల్లెలలో తెలుగు ధారాళముగా మాటలాడుదురు. అవ్వ నా కనురెప్పను లాగి చూచి, గోళ్ళను చూచి, "ఆదివారం పొద్దు పొడవకముందే రా నాయనా, పరగడుపున" అన్నది. వరుసగా మూడు ఉదయములు మజ్జిగలో కలిపిన పచ్చని ముద్దను మింగించినది. ఉప్పు, నూనె, చింతపండు మానుమన్నది. రెండు వారములు దాటునప్పటికి నా కండ్లు తెల్లబడినవి. మా అమ్మ తాంబూలము, కొబ్బరికాయ, రెండు పడుల బియ్యము ఇచ్చినది. రూపాయలను అవ్వ ముట్టలేదు. "ఏం ఆకు అది?" అని మా అమ్మ అడుగగా, "చెప్తే గుణం పోతుంది తల్లీ" అని గుడిసెలోనికి పోయినది.

ఆ మాట ఆమె ఒక్కతె మాట కాదు. తెలుగువాడున్న ప్రతిచోట ఈ విశ్వాసము కలదు. హైదరాబాదులో మృగశిర కార్తెనాడు వేలకొలది జనమునకు ఉబ్బసమునకై మింగించు చేపమందు సంగతి పాఠకులెరుగుదురు. దాని పాళ్ళు ఆ కుటుంబము దాటి రావు, దానికి వెల లేదు. మనకు గంట ప్రయాణములోనున్న పుత్తూరులో ఎముకలు విరిగినవారికి ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేయు కట్టును ఊరంతయు చూచును. పసరు ఏ ఆకుదో కట్టు కట్టువారికే తెలియును.

తిరిగి నేను అవ్వను చూచినది 1986లో, నేను పనిచేయుచున్న కార్యాలయములో. ఏ ఊరిదో, ఏ శాఖయో వ్రాయను. మనుమడికి పదునాలుగేండ్లు, హాస్టలులో చేరుటకు కులధ్రువపత్రము కావలెను. ఇరులవారు షెడ్యూల్డు తెగలలో చేరినవారే. అయినను "నీవు ఇరులదానవని రుజువేమి?" యని ప్రశ్న. పిల్లవాని తండ్రి పత్రము తెమ్మనిరి; తండ్రికి ఏ పత్రమును లేదు. భూమి లేదు కనుక పట్టా లేదు, బడికి పోలేదు కనుక బడి కాగితము లేదు. చీకటిలో వాసనపట్టి నూరు మొక్కలను గుర్తింపగల ఆ మనిషి, తానెవరో చెప్పు కాగితమొక్కటి చూపలేక వసారాలో కూర్చుండినది. నేను అర్జీ వ్రాసియిచ్చితిని. ఆ అర్జీయే దస్త్రమై తిరిగి తిరిగి నా బల్లమీదికి వచ్చి పదునొకండు వారములు కదలక పడియుండెను. విచారణ నివేదిక రాలేదని సాకు చెప్పవచ్చును. నిజమునకు నేను దానిని మరచితిని. పత్రము చేతికందు నాటికి పిల్లవాడు బడి మాని తల్లిదండ్రులతో ఇటుకల బట్టీకి పోయియుండెను. ముందు పైకము తీసుకొని బట్టీలకును బియ్యపు మిల్లులకును పోయి వెనుకకు రాలేకపోయిన ఇరుల కుటుంబములు ఈ జిల్లాలో తక్కువ కాదు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చిన ఎన్నో ఏండ్లకు కూడ అధికారులు అట్టివారిని విడిపించుచునే వచ్చిరి.

పత్రము తీసుకొనుటకు వచ్చిన దినమున అవ్వ నన్నొక్క మాట అనలేదు. "రాసిచ్చినావు గదా సామీ, నీకు ఇచ్చేదానికి నా దగ్గర ఇంకేముంది" అని చెప్పి, మరుసటి ఆదివారము నన్ను చెరువుకట్ట వెంబడి నడిపించుకొనిపోయి మూడు మొక్కలు చూపినది. ఒకటి అందరెరిగినదే, నేలయుసిరిక; తమిళులు కీళానెల్లి యందురు. కడమ రెండింటి పేర్లు ఇచ్చట వ్రాయను, కారణము ముందు తెలియగలదు. చూపిన పిదప నాచేత చెరువు నీరు ముట్టించి ప్రమాణము చేయించినది: అమ్మరాదు, నలుగురిలో చెప్పరాదు.

దాచుట పిసినితనమని అప్పటివరకు నేనును అనుకొనుచుంటిని. ఆనాటినుండి అట్లు అనుకొనలేదు. పొలమున్నవానికి పొలము, పదవియున్నవానికి పదవి. అవ్వకు ఉన్నదంతయు ఆ ఎరుకయే. అది నలుగురి నోట బడినచో ఆమె గుడిసె ముందుకు ఎవరు వచ్చెదరు? మరియొక సంగతియు కలదు. వేరు మందుగల మొక్క పేరు సంతలో వినబడెనా, రెండేండ్లలో ఆ గుట్టపై వేరుండదు. "గుణము పోవును" అను మాటకు మొక్కయే పోవునను అర్థము కూడ ఉన్నదని నాకు తరువాత తోచినది.

అయినను దాచుటలోనున్న కీడును నేను నా చేతులతోనే చవిచూచితిని. ఇది వ్రాయుటకు ఇన్నేండ్లు పట్టినది.

1998లో మా మేనమామ కుమారుడు, నాకు బావ, కామెర్లతో మంచమెక్కినాడు. నా మాటపై అతనికి గురి. నేను ఆ మూడు ఆకుల ముద్దను ఇచ్చితిని. వారము గడచినను పసుపు తగ్గలేదు. ఒళ్ళంతయు దురద, మలము సున్నమువలె తెల్లగా పోవుచున్నదనెను. ఇంకను నాలుగు దినములు చూతమంటిని. చలిజ్వరము వచ్చి, కుడి డొక్క నొప్పితో మెలికలు తిరుగగా పండ్రెండవ దినమున ఆసుపత్రికి తీసుకొనిపోతిమి. పిత్తనాళములో రాయి అడ్డుపడి చీముపట్టినదని తేలినది. డాక్టరు గారు నన్ను పిలిచి, "ఏం మందు ఇచ్చారు? పేర్లు చెప్పండి" అనిరి. నాకు చెరువు నీరు జ్ఞాపకము వచ్చినది. "ఏదో నాటుమందండీ" అంటిని. వారు మరల అడిగిరి. నేను తల వంచుకొంటిని. మరుసటి ఉదయము పోయి మూడు పేర్లును చెప్పితిని; ఆలోపల వారు చేయవలసినది చేయుచునే యుండిరి. నాలుగవనాడు బావ పోయినాడు. ఆ ఆకులు అతనికి హాని చేసినవని ఎవరును అనలేదు. పండ్రెండు దినముల ఆలస్యము చేసినది మాత్రము ఎవరు చెప్పనక్కరలేదు. మా అక్క (బావ భార్యను నేను అక్కా యనియే పిలుచుదును) ఈనాటివరకు నన్ను ఆ ఒక్క ప్రశ్న అడుగలేదు.

అప్పుడు తెలిసికొంటిని: కామెర్లు రోగము పేరు కాదు, గుర్తు పేరు. కాలేయమునకు వైరస్ పట్టినను, రాయి అడ్డుపడినను, కంతి లేచినను, సారాయి త్రాగినను, ఎలుకల మూత్రము కలిసిన నీటివలన జ్వరము వచ్చినను కండ్లు పచ్చబడును. పిల్లలకు వైరస్ వలన వచ్చు కామెర్లు చాలమందిలో కొన్ని వారములకు తమంతట తామే తగ్గును. అట్లయిన 1970లో నన్ను బ్రతికించినది అవ్వ మందా, నా వయస్సా? ఈ ప్రశ్న అడిగినందున అవ్వయెడ నా కృతజ్ఞత తగ్గలేదు. అడుగకపోవుటవలన మాత్రము బావ పోయినాడు.

తిరువళ్ళూరులో వెలసిన వీరరాఘవస్వామికి వైద్య వీరరాఘవుడని ప్రసిద్ధి. అమావాస్యనాడు హృత్తాపనాశని పుష్కరిణిలో బెల్లము కరగించి, తమ రోగమును అట్లే కరగింపుమని మ్రొక్కువారిని చూచెదము. ఆ మ్రొక్కును ఎవరును పరీక్షింపరు, పరీక్షింపనక్కరయు లేదు. మందు అట్టిది కాదు. మొక్క మనకొరకు పుట్టలేదు. పురుగు తినకుండ, మేక మేయకుండ, బూజు పట్టకుండ తన్ను తాను కాపాడుకొనుటకై అది తన ఆకులోను, వేరులోను చేదులను, విషములను, వాసనలను వండుకొనును. మన ఒంటిలో అవి మేలు చేయవచ్చును, కీడు చేయవచ్చును. ఎంత మోతాదులో ఏది చేయునో కొలిచి చూచిననే తెలియును. మన నేలవేములోని చేదు ఆండ్రోగ్రాఫోలైడ్ అను ద్రవ్యము. బిళ్ళగన్నేరు కథ మరింత విచిత్రము. జమైకాలో మధుమేహమునకు దాని ఆకును కాచి త్రాగుదురని విని, కెనడాలో నోబుల్, బీర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఎలుకలకిచ్చి చూచిరి. చక్కెర తగ్గలేదు, నెత్తురులోని తెల్లకణములు తగ్గినవి. ఆ దారిపట్టి పోగా 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడినది; దాని తోబుట్టువైన విన్‌క్రిస్టిన్ నేటికిని పిల్లల రక్తపు క్యాన్సరులో ముఖ్యమైన మందు. మన శ్మశానముల గోడల ప్రక్క పూచు పూవే అది. విన్నది ఒకటి, పరీక్షింపగా తేలినది మరియొకటి. చెప్పకయుండినచో ఏదియు తేలెడిది కాదు.

నేలయుసిరికనే తీసుకొందము. మద్రాసు వైద్య పరిశోధకులు, నోబెల్ బహుమానము పొందిన బ్లూంబర్గ్ గారితో కలిసి, హెపటైటిస్-బి వైరస్ ఒంటిలో నిలిచిపోయినవారికి దాని చూర్ణమునిచ్చి చూచి 1988లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. మందు పుచ్చుకొనిన 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయినది. ఉత్తచూర్ణము పుచ్చుకొనిన 23 మందిలో ఒక్కరికే పోయినది. దేశమంతయు సంతోషించినది. తరువాత ఇతర దేశములలో చేసిన పరీక్షలలో ఆ ఫలితము రాలేదు. కొందరు దీనిని ఆ మొక్కకు పరాభవముగా చెప్పుదురు. నాకు మాత్రము గౌరవముగా తోచును. ఒప్పైనను తప్పైనను నలుగురి ముందు తేల్చుకొనుటకు అవకాశము దక్కిన మొక్క అది. అవ్వ చూపిన కడమ రెండింటికి ఆ భాగ్యము లేదు. తిప్పతీగ విషయము మనకు ఇటీవలి హెచ్చరిక. మహమ్మారి కాలములో ఇంటింట దాని కషాయము కాచుకొనిరి. 2021లో ముంబయి వైద్యులు అట్లు త్రాగిన ఆరుగురిలో కాలేయము చెడినదని ప్రకటించిరి. వారు వాడినది తిప్పతీగ కాదు, దానిని బోలిన వేరొక తీగ కావచ్చునని ఆయుష్ శాఖ వాదించినది. ఎవరిది నిజమైనను, ఏ తీగయో నోరువిప్పి చెప్పి చూపనిదే ఆ వాదము తీరదు.

కనుక చెప్పవలసినదే యని నా నిశ్చయము. ప్రాణముమీదికి వచ్చినప్పుడు వైద్యుని యెదుట ఏ ప్రమాణమును నిలువదు. ఇంతవరకు నాకు సందేహము లేదు. సందేహమంతయు రెండవ సగములో కలదు.

చెప్పినవానికి ఏమి దక్కినది? జమైకాలో ఆ ఆకును కాచి త్రాగిన పేదల పేర్లు విన్‌క్రిస్టిన్ చరిత్రలో లేవు. పసుపు గాయమును మాన్పునని మన అవ్వలందరు ఎరిగినదానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చిరి. మన శాస్త్ర పరిశోధక మండలి వాదించి 1997లో రద్దు చేయించినది. అది పుస్తకములలోనున్న ఎరుక గనుక వాదింపగలిగిరి. పుస్తకమెక్కని ఎరుకకు సాక్షియెవరు?

దీనికి ఒక్క చోట కొంత మంచి జవాబు వచ్చినది. కేరళలోని అగస్త్యకూట పర్వతములలో 1987లో మొక్కలను వెదకుచు పోయిన శాస్త్రజ్ఞులు అలసి కూలబడగా, దారి చూపుచున్న కాణి తెగవారు అలుపులేక నడచుచు ఏవో చిన్న కాయలు నములుచుండిరి. అడిగిన వెంటనే చెప్పలేదు. చెడుగా వాడుకొనమని మాట తీసుకొనిన పిదప చూపిరి. అదే ఆరోగ్యపచ్చ. తిరువనంతపురపు ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థవారు దానితో జీవని యను మందును రూపొందించి, 1995లో కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి పది లక్షల రూపాయలకు, అమ్మకముపై నూటికి రెండు వంతులకు తయారు హక్కునిచ్చి, వచ్చినదానిలో సగము కాణులకనిరి. ఆ సొమ్ము పుచ్చుకొనుటకు కాణులు 1997లో ఒక ట్రస్టును పెట్టుకొనవలసి వచ్చినది. ప్రపంచము మెచ్చుకొనినది. కాని కాణులలోనే మంత్రవైద్యులైన ప్లాతులు కొందరు, "మా తెగ రహస్యమును ఇరువురు ముగ్గురు చెప్పివేయుటకు ఎవరిచ్చిన హక్కు?" అని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయలేను. అవ్వ నాకు చెప్పినప్పుడు తన గుడిసెలవారిని అడిగినదా?

సముద్రపు నాచుల సంగతి ఇంకను చిక్కు. మన జిల్లా తూర్పంచున పళవేర్కాడు, మనవారు ప్రళయకావేరి యనెడి సరస్సు, ఉన్నది. అచ్చటి బెస్తలకు నాచు వలకు తగులుకొను పీడ మాత్రమే. అట్టి నాచులనుండియే అగరు, గాయపుకట్లలో వాడు ఆల్జినేటు వచ్చుచున్నవి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నాచు సారముతో కీళ్ళనొప్పులకు, మధుమేహమునకు గుళికలు చేసినది. దక్షిణమున మండపము తీరములో కప్పాఫైకస్ అను నాచును పెంచి ఎగుమతి చేసినందుకు పెప్సీ సంస్థ చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు రుసుము చెల్లించినది. మంచిదే. కాని ఆ నాచు మన సముద్రమున పుట్టినది కాదు, ఫిలిప్పీన్సుది. అచ్చటి బెస్తకు మనము ఏమి చెల్లించితిమి? పైగా అది మన పగడపు దిబ్బలపైకి ప్రాకినది. ఈ బాకీల ఖాతాలో జమ ఒకరిది, ఖర్చు ఒకరిది అని తేలికగా గీత గీయలేము.

2002 జీవవైవిధ్య చట్టము ఈ ఖాతాను వ్రాయుటకే వచ్చినది. దాని వలన 2025లో మన తిరువళ్ళూరు జిల్లాలోనే ఎర్రచందనము పెంచిన పద్దెనిమిది మంది రైతులకు 55 లక్షల రూపాయలు ముట్టినవి. వారి కష్టమునకు తగినదే, సంతోషింపవలసినదే. అయినను పాతగుమాస్తా కంటికి ఒకటి కనబడును: ముట్టినది భూమియు చెట్టును తమదని చూపగలవారికి. అవ్వవంటివారికి చూపుటకు ఏమున్నది? వారి కొరకే ప్రతి పంచాయతీలోను ప్రజా జీవవైవిధ్య పట్టిక యుండవలెనన్నారు. అందులో మొక్క పేరుతోపాటు ఎరిగినవారి పేరు వ్రాయుటకును చోటు కలదు. ఆ కాలమ్ నింపకయే పట్టిక పూర్తియైనదని సంతకము పెట్టుట ఎంత సులభమో నాకు తెలియును. అట్టి సంతకములు నేనును పెట్టితిని. 2023 సవరణతో, గ్రంథములకెక్కిన ఎరుకను వాడుకొనువారికి ఈ పంపకమునుండి మినహాయింపు వచ్చినది. ఒకప్పుడు ఏ అవ్వయో చెప్పగా గ్రంథమునకెక్కినదే కదా అది!

పేరు చాలునా యని అడుగవచ్చును. చాలదు, పేరు లేక ఏదియు మొదలు కాదు. చెంగల్పట్టు జిల్లా ఇరులవారు 1978లో పాములు పట్టువారి సహకార సంఘము పెట్టుకొని, పాముకాటు మందుకై విషము తీసి అమ్ముచున్నారు. పాము జాడ తెలిసిన చేయి వారిది, సంఘమును వారిదే. వారిలోని వడివేల్ గోపాల్, మాసి సడయన్ గారలకు 2023లో పద్మశ్రీ యిచ్చిరి. వార్తాపత్రికలో ఆ రెండు పేర్లు చదివిన ఉదయమున నాకు పదునొకండు వారములు నిద్రపోయిన దస్త్రము జ్ఞప్తికి వచ్చినది.

ఇంక ప్రస్తుతము. మా వీధిలోని ఒక అమ్మాయి కళాశాలలో అడవిమొక్కల ఔషధగుణములపై పరిశోధన చేయుచున్నది. నా సంగతి ఎవరో చెప్పగా మొన్న ఏడాది వచ్చి, "తాతగారూ, ఆ రెండు మొక్కలు ఏవో చెప్పరా?" అన్నది. బుద్ధిమంతురాలు; బావ సంగతి విన్న పిదప కండ్లు తుడుచుకొని, "అందుకేనండీ పరీక్షించాలి" అన్నది. ఆమె మాట నిజము. కాని ఎరుక నాది కాదు. అవ్వ పోయి చాలకాలమైనది. ఆమె మనుమడు, బడి తప్పిన ఆ పిల్లవాడు, ఇప్పుడు ఏబది దాటి, ఊరిలోనే కూలిపని చేయుచున్నాడు. అమ్మాయిని వెంటబెట్టుకొని అతని యింటికి పోతిని. "మీ అవ్వ మందు సంగతి ఈమెకు చెప్పవచ్చునా? నీదే మాట" అంటిని.

అతడు నన్ను కొంతసేపు చూచి నవ్వినాడు. "నాకెక్కడ తెలుసు సార్? అవ్వ చెప్పే కాలానికి నేను బట్టీలో ఉండా. ఆ ఆకులేవో ముందు నాకు చూపించండి" అన్నాడు.

మరుసటి ఆదివారము తెల్లవారకముందే నేనును అతడును చెరువుకట్టమీదికి పోతిమి. నేలయుసిరిక ఎక్కడ చూచినను ఉన్నది. రెండవది ముళ్ళకంప క్రింద దొరికినది. మూడవదానికి కట్ట చివరివరకు నడువవలసి వచ్చినది. అవ్వ చూపినచోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతియున్నవి. చివరకు తూము ప్రక్కన నాలుగు మొలకలు కనబడినవి. అతడొక ఆకును చిదిమి వాసన చూచి, "ఇది మా గుడిసెలో వాసన" అన్నాడు. నీరు ముట్టమని నేను అడుగలేదు. బావ సంగతి, ఆసుపత్రి సంగతి పూర్తిగా చెప్పితిని. కండ్లు పచ్చబడినవాడు ఎవడు వచ్చినను మొదట నెత్తురు పరీక్షకు పంపుమని మాత్రము మాట తీసుకొంటిని.

అమ్మాయికి చెప్పుట విషయము అడుగగా, తనకు ఇరువురు అక్కచెల్లెండ్రున్నారనియు, ఒకతె పళ్ళిపట్టు ప్రక్కను ఒకతె ఊత్తుకోట ప్రక్కను ఉన్నారనియు, వారినడుగక చెప్పలేననియు అన్నాడు. "ఆమె రాసే పుస్తకంలో అవ్వ పేరు వస్తాదా?" అని అడిగినాడు. వచ్చునని అమ్మాయి అతని యెదుటనే కాగితముపై వ్రాసి సంతకము పెట్టియిచ్చినది. ఆ కాగితమును అతడు రేషను కార్డు సంచిలో దాచుకొనినాడు. ఈ వ్యాసము అచ్చుకు పంపునాటికి అక్కచెల్లెండ్ర జవాబు రాలేదు. అమ్మాయి నిన్న మరల వచ్చి అడిగినది. ఇంకను వేచియుండుమంటిని.